నేనెట్లా తోశాను

హౌషాన్‌గౌ ఊళ్ళో లువాన్ యూజెన్ నోటికి జడవని మనిషి లేడు. కట్టుకున్న మొగుడు గొంగ్ దెషుయ్ కూడా అందులో చేరినవాడే. అందుకే ఏప్రిల్‌లో ఆ ఉదయం ఆమె అల్లం బావిలోంచి ఒట్టి బుట్టతో, నోరు మూసుకుని పైకి వచ్చేసరికి అతనికి గుండె జారింది.

"ఏమైంది?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె పలకలేదు. మోకాళ్ళకి అంటిన తడి ఇసుక కూడా దులుపుకోలేదు. గట్టు దాటి నేరుగా పక్కవాళ్ళ బావి వైపు నడిచింది.

ఆ కొండల కింద ప్రతి ఇంటికీ చేను గట్టున ఒక బావి ఉంటుంది. నీళ్ళకి కాదు, అల్లానికి. నాలుగు నిలువుల లోతు తవ్వి, అడుగున పక్కకి గదిలా తొలుస్తారు. అక్టోబరులో తీసిన అల్లాన్ని అందులో ఇసుక కప్పి పెడితే చలికాలమంతా చెడకుండా ఉంటుంది. వసంతంలో విత్తనానికి పైకి తీస్తారు. యూజెన్ ఆ రోజు విత్తనం తీయడానికే దిగింది. దిగి దీపం ఎత్తి చూస్తే గది దక్షిణపు గోడకి మనిషి దూరేంత బొక్క ఉంది. దాని ముందు ఇసుక చెదిరిపోయి ఉంది. ఆమె కప్పి పెట్టిన అల్లంలో మూడో వంతు లేదు. బొక్కలోంచి తొంగి చూస్తే అవతల పక్క చేను తెంగ్ మావ్‌తియాన్ గది, అతని గడ్డపార, అతను తాగి పారేసిన సిగరెట్ పీకలు కనిపించాయి.

తెంగ్ అప్పుడు తన బావి దగ్గర గిలక మీద బుట్ట పైకి లాగుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. చలికాలమంతా గది పెద్దది చేస్తున్నానని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

"మావ్‌తియాన్! ఆ బుట్ట కింద పెట్టు."

"ఎందుకు పెట్టాలి? బావి నాది, బుట్ట నాది, అల్లం నాది."

"నీ బావి నా బావిలోకి ఎట్లా వచ్చింది?"

"మట్టి కూలింది. వెళ్ళి మట్టిని అడుగు."

"మట్టి కూలితే నా అల్లానికి కాళ్ళొచ్చి నీ బుట్టలో ఎక్కి కూర్చుందా?"

తెంగ్ నవ్వాడు. బుట్టలోంచి లావుపాటి కొమ్ము ఒకటి తీసి ఆమె మొహం ముందు తిప్పాడు. "దీని మీద నీ పేరు రాసుందా, దెషుయ్ పెళ్ళామా? ఏదీ, చదివి చెప్పు. ఓహో, మర్చిపోయాను. నీకు చదువు రాదు కదూ."

దెషుయ్ గట్టు మీదే ఆగిపోయాడు. తర్వాత జరిగింది అతను సరిగా చూడలేదు. చూడకూడదనుకున్నాడో ఏమో. యూజెన్ బుట్ట చెవి పట్టుకుంది. తెంగ్ రెండో చెవి వదల్లేదు. ఇద్దరూ అటూ ఇటూ గుంజుకున్నారు. బుట్ట ఒరిగి అల్లమంతా నేల మీద దొర్లింది. తెంగ్ వెనక్కి పడ్డాడు. వెనక పేర్చిన రాళ్ళ మీద చెయ్యి ఆనించబోయాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు గట్టు మీదున్న దెషుయ్‌కి కూడా వినిపించింది.

"తోసింది!" అని అరిచాడు తెంగ్, నేల మీద పడుకునే. "చూశారా? నన్ను బావిలోకి తోసింది! చంపాలని తోసింది!"

యూజెన్ వంగి, దొర్లిన అల్లాన్ని ఏరి ఒళ్ళో వేసుకోవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి ఠాణా నుంచి కబురు వచ్చింది.

ఠాణాలో వాంగ్మూలం రాసుకునే పని పాంగ్ అనే అతనిది. ముప్పై ఐదేళ్ళుంటాయి. దక్షిణాది వాడు, ఇక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరాడు. చెడ్డవాడేం కాదు. కాకపోతే వేగంగా టైపు చేస్తాడు, నెమ్మదిగా వింటాడు. ఆ రోజు అతనికి అది నాలుగో గొడవ.

"తెంగ్ మావ్‌తియాన్‌ని మీరు తోశారా?"

యూజెన్ కుర్చీ అంచున కూర్చుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తెంగ్ అన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది.

"నేనెట్లా తోశాను?" అని గద్దించింది. "నేనెట్లా తోశాను? రెండు చేతుల్తో? కాలితో?"

'ఎట్లా' అన్న చోట అక్కడి వాళ్ళు వాడే మాట జెన్‌మె. ఎలా అని అడగడానికి అదే. ఎందుకు అని నిలదీయడానికీ అదే. ఏమైంది అని పలకరించినా, అయితే ఏంటట అని కయ్యానికి కాలు దువ్వినా అదే. ఫలానా పని నేనెక్కడ చేశాను, చేయనే లేదు అని తెగేసి చెప్పాలన్నా అదే. ఏది ఏదో గొంతును బట్టి, మొహాన్ని బట్టి తెలుస్తుంది. పాంగ్ మొహం కంప్యూటర్ వైపు ఉంది.

"ఇంకా?" అన్నాడు.

"ఇంకా ఏంటి? వాడు దొంగ. నా గోడ పగలగొట్టాడు. అది రాసుకో."

"ఇది తోసిన కేసమ్మా. గోడ సంగతి వేరే రాద్దాం." ప్రింటర్‌లోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "చదువుకుని వేలిముద్ర వెయ్యండి."

చదవడం రాదని ఆ ఒక్క రోజులో రెండోసారి ఒక మగవాడి ముందు అనిపించుకోవడం యూజెన్ వల్ల కాలేదు. కాగితం మీదికి వంగింది. చూపు పై నుంచి కిందికి నెమ్మదిగా దించింది. చదివినట్టే తల ఊపింది. ఎర్ర సిరాలో వేలు అద్ది, అతను చూపించిన చోట గట్టిగా నొక్కింది.

ఇంటికి వచ్చాక దెషుయ్ అడిగాడు. "ఏం రాసుకున్నారు?"

"నేను చెప్పిందే రాసుకున్నారు."

"చదివి వినిపించమన్నావా?"

"నువ్వు రాలేకపోయావా చదవడానికి? గట్టు మీద దిష్టిబొమ్మలా నిలబడ్డం తప్ప ఏం చేతనవుతుంది నీకు?"

దెషుయ్ రొట్టె చుట్టలో ఉల్లికాడ పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి తిన్నాడు.

వారం తర్వాత ఇద్దరినీ ఠాణాకి పిలిపించారు. తెంగ్ చేతికి కట్టు కట్టుకుని, మెడలో వేలాడదీసుకుని వచ్చాడు. వెంట అతని భార్య షింగ్ రూయున్ వచ్చింది. ఊళ్ళో అందరూ ఆమెని షింగ్ టీచర్ అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఊరి బడిలో భాష చెప్పి, కిందటేడే రిటైరైంది. సన్నగా, నిటారుగా ఉంటుంది. యూజెన్ ఎదురైతే మొహం తిప్పుకుని వెళ్ళిపోతుంది. ఆ రోజూ అంతే. బల్లకి అటు చివర కూర్చుని కిటికీలోంచి బయటకి చూస్తోంది.

ఠాణా అధికారి యన్ ఆ జిల్లా వాడే. పొట్ట మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా మాట్లాడతాడు.

"చూడు అక్కా. నువ్వు తోశానని ఒప్పుకున్నావు కాబట్టి పని తేలికైంది. తెంగ్ అన్నకి ఊరందరి ముందు తల వంచి తప్పైందని చెప్పు. లేదంటే పది రోజులు లోపల కూర్చోవాల్సి వస్తుంది. నీ ఇష్టం."

"ఎవరొప్పుకున్నారు?"

"నువ్వే."

"నేనా?"

యన్ కనుసైగ చేశాడు. పాంగ్ కాగితం తీసి గొంతు సవరించుకుని, వార్తలు చదివినట్టు చదివాడు. "ప్రశ్న: మీరు తోశారా. జవాబు: నేనెట్లా తోశాను. రెండు చేతులతో. కాలితో."

యూజెన్ లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది.

"ఓరి నీ నోట్లో మట్టి పడ! నేను అన్నదేంటి, నువ్వు రాసిందేంటి? రెండు చేతుల్తో, కాలితో తోశానా? నేనేమన్నా నాలుగు కాళ్ళ జంతువునా?"

"మీరన్న మాటలే ఇవి." పాంగ్ మొహం ఎర్రబడింది. "ఒక్క అక్షరం నేను కలపలేదు. వేలిముద్ర మీదే. చదువుకునే వేశారు."

"చదువుకుందా?" తెంగ్ పగలబడి నవ్వాడు. నవ్వితే చెయ్యి నొప్పి పుట్టి మళ్ళీ మూలిగాడు. "ఆవిడా? ఆవిడ కాగితం తలకిందులుగా పట్టుకున్నా తల ఊపుతుంది."

"నీ రెండో చెయ్యి కూడా విరగాలనుందా?"

"విన్నారా సార్? ఠాణాలోనే బెదిరిస్తోంది. రాసుకోండి, ఇది కూడా రాసుకోండి."

యూజెన్ బల్ల మీది టీ గ్లాసు ఎత్తింది. విసిరేదే. దెషుయ్ జీవితంలో మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. వేడి టీ అతని చొక్కా మీద ఒలికింది. యన్ బల్ల గుద్ది అందరినీ కూర్చోమని అరిచాడు. ఎవరూ కూర్చోలేదు.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి."

అది షింగ్ టీచర్ గొంతు. పెద్దగా అనలేదు. అయినా పాంగ్ బళ్ళో పిల్లాడిలా లేచి తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది.

"నీకెందుకది?" అన్నాడు తెంగ్. "ఇచ్చెయ్."

"ప్రశ్న గుర్తులు ఏవి?" అని పాంగ్‌ని అడిగింది ఆమె.

"ఏంటి?"

"'మీరు తోశారా' తర్వాత లేదు. అది పోనీ, మీ ప్రశ్న మీకు తెలుసు. ఆవిడ జవాబులో ఒకటీ లేదు. ఆవిడ ఈ మాట ఇలా అందా, ఇప్పుడు మీరు చదివినట్టు, మెల్లగా?"

"కొంచెం... గట్టిగా అంది."

"గట్టిగా అంటే ఎలా?"

"అరిచింది."

"అరిచి, కిందికి దించిందా, పైకి ఎత్తిందా?"

"రూయున్!" తెంగ్ లేవబోయాడు. "నువ్వు ఎవరి పక్కన కూర్చున్నావో గుర్తుందా?"

ఆమె భర్త వైపు తల తిప్పలేదు. నల్లబల్ల ముందు నిలబడ్డ అలవాటు ఎక్కడికి పోతుంది? కాగితం ఎత్తి పట్టుకుని ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "ఇందులో జెన్‌మె ఉంది. దీన్ని సాదాగా చదివితే నేను ఏ విధంగా తోశానంటే అని వస్తుంది. తర్వాత రెండు చేతులతో, కాలితో అని ఉంది కాబట్టి ఇంకా అలాగే వస్తుంది. కానీ కోపంగా ఉన్న మనిషి దీన్ని విరిచి అంటే అర్థం తలకిందులు. తోయనే లేదని. మూడో తరగతి పిల్లలకి చెప్పే పాఠం ఇది. రెండు చేతులా ఒక కాలూ కలిపి తోస్తే మనిషి నిలబడేది దేని మీద? రాసేటప్పుడు మీకు ఆ అనుమానం కూడా రాలేదా?"

యన్ పాంగ్ వైపు చూసిన చూపు బాగా లేదు.

"అయితే తోయలేదంటావా టీచర్?" అన్నాడు యన్.

"అది నాకు తెలీదు. నేనక్కడ లేను. ఈ కాగితం ఒప్పుకోలు కాదంటున్నాను, అంతే."

అప్పుడు ఆమె యూజెన్ వైపు తిరిగింది. వాళ్ళిద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని పదకొండేళ్ళు.

"ఆయన ఎట్లా పడ్డాడు?"

ఆ అడగడంలో దెప్పిపొడుపు లేదు, దయా లేదు. తెలుసుకోవడానికి అడిగింది. వారం రోజులుగా ఊరంతా యూజెన్‌ని ఏదో ఒకటి అంటూనే ఉంది, ఇది మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె అలవాటుగా నోరు తెరిచింది, తిట్టడానికి. తిట్టు రాలేదు.

"బుట్ట గుంజాను," అంది. "ఆయనా గుంజాడు. నేను ఇంకా గట్టిగా గుంజాను. ఉన్నట్టుండి వదిలేశాను."

"కావాలనే వదిలావా?"

దెషుయ్ ఆమె జబ్బ నొక్కాడు. యూజెన్ విదిలించుకుంది.

"కావాలనే వదిలాను. కూలబడతాడనుకున్నాను. ఊరంతా చెప్పుకుని నవ్వాలనుకున్నాను. రాళ్ళ సంగతి చూసుకోలేదు."

"చూశారా!" అని అరిచాడు తెంగ్. "తనే చెప్పింది!"

"వదిలానని చెప్పింది. తోశానని చెప్పలేదు," అని షింగ్ టీచర్ భర్త వైపు తిరిగింది. "ఇప్పుడు మీరు చెప్పండి. బావిలోకి తోసిందన్నారు. గిలక లాగేవాడికి బావి ముందుంటుంది, గుంజుతున్న బుట్ట వదిలేస్తే వెనక్కి పడతారు. గోడకి బొక్క ఎట్లా పడింది?"

"ఏంటి, నన్నే అడుగుతున్నావా? మొగుణ్ణి?"

"అడుగుతున్నాను."

తెంగ్ మట్టి కూలిందన్నాడు. ఏ రోజు కూలిందని యన్ అడిగాడు. గుర్తు లేదన్నాడు. కూలిన మట్టి ఏమైందని అడిగాడు. పైకి తీసి పారేశానన్నాడు. పక్కవాళ్ళ గది కనపడిందని ఆ రోజే వాళ్ళకి ఎందుకు చెప్పలేదని అడిగేసరికి తెంగ్ కట్టు కట్టిన చేతిని పట్టుకుని, నొప్పి ఎక్కువైంది, ఇంటికి పోతానన్నాడు.

యన్ పాత కాగితాన్ని నిలువునా చింపాడు. పాంగ్ కొత్తది రాశాడు. ఈసారి ప్రతి వాక్యం చివరా తల ఎత్తి, "ఇది అడగడమా, చెప్పడమా?" అని అడుగుతూ రాశాడు. వినిపించాక యూజెన్ వేలిముద్ర వేసింది. ఆమెకి పది రోజులు లోపల కూర్చోవడం తప్పింది. అందరి ముందు తల వంచడం మాత్రం తప్పలేదు, బుట్ట వదిలినందుకు. తెంగ్ అల్లం తిరిగి ఇచ్చి, బొక్క పూడ్చాలని తేల్చారు. ఇద్దరిలో ఎవరికీ ఆ తీర్పు నచ్చలేదు.

తెంగ్ విసురుగా బయటికి వచ్చి, భార్య కోసం ఆగకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. దెషుయ్ సైకిలు తేవడానికి వెళ్ళాడు. ఠాణా గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళూ మిగిలారు.

యూజెన్ ఏదైనా అనాలనుకుంది. ఏమనాలో తెలియక, వచ్చిందే అంది. "ఎందుకు చెప్పావ్ లోపల?"

"నీ కోసం అనుకుంటున్నావేమో. అస్సలు కాదు. తప్పు వాక్యం చూసి ఊరుకోలేను."

"నీ సాయం ఎవడిక్కావాలి?"

"నేనూ చెయ్యలేదు." షింగ్ టీచర్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచున తుడిచింది. "నాకూ ఒకటి అడగాలనుంది. నీ కొడుకు పెళ్ళికి నేను వానలో తడుస్తూ వచ్చాను. గుమ్మంలోనే, అందరూ చూస్తుండగా, ఇదే జెన్‌మెతో, ఎట్లా వచ్చావ్ అన్నావు. వాన కదా, దేంట్లో వచ్చావని అడిగావా, ఎందుకు వచ్చావని అడిగావా? ఇన్నేళ్ళూ రెండు రకాలుగానూ అనుకుని చూశాను. మా ఆయన ఎందుకు వచ్చావనే అందన్నాడు. నేను కాదేమోనని కూడా అనుకున్నాను, అప్పుడప్పుడు."

యూజెన్‌కి అబద్ధం చెప్పడం చాలా తేలిక. ఎదుటి మనిషి దానికి చోటు కూడా ఇచ్చింది. వాన గురించే అడిగాను టీచర్, అంటే సరిపోయేది.

"ఎందుకు వచ్చావనే అన్నాను," అంది.

షింగ్ టీచర్ చేతిలో కళ్ళద్దాలు మడిచింది.

"నా కొడుకుని తరగతి ముందు నిలబెట్టి, వీడు అల్లం తవ్వడానికి తప్ప పనికిరాడన్నావు. వాడు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. మళ్ళీ బడికి పోనన్నాడు, పోలేదు. అలాంటి దానివి కొత్త కోటు వేసుకుని వాడి పెళ్ళి భోజనానికి వస్తే ఏమనాలి నేను?"

"నేను అలా అన్నానా?"

"అన్నావు."

"నాకు గుర్తు లేదు."

"వాడికి గుర్తుంది."

షింగ్ టీచర్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. తప్పైందని అంటుందేమోనని యూజెన్ ఎదురు చూసింది. ఆమె అనలేదు. "నడిచే పోతాను," అని మాత్రం అని, ఎర్ర పెన్ను సంచిలో పడేసి, ఊరి వైపు ఆరు కిలోమీటర్ల దారి పట్టింది. కొంతసేపటికి దెషుయ్ సైకిలు మీద యూజెన్‌ని వెనక కూర్చోబెట్టుకుని ఆమెని దాటి పోయాడు. సైకిలు ఆపనా అని అతను అడిగాడు. వద్దంది యూజెన్. వద్దని ఎందుకు అందో ఆమెకే సరిగా తెలియలేదు.

తెంగ్ చెయ్యి విరిగిందని బొక్క పూడ్చడానికి రాలేదు. మూడో రోజు అతని భార్య ఇటుకలు బుట్టలో పెట్టుకుని తమ బావిలోకి దిగింది. ఆమె ఇటుక పేర్చే తీరు చూస్తే యూజెన్‌కి ఒళ్ళు మండింది. ఒక్క వరసా తిన్నగా లేదు. ఆ గోడని నమ్మలేక తన గది వైపు నుంచి తనూ ఇటుకలు తెచ్చి, దాన్ని ఆనుకుని రెండో గోడ కట్టడం మొదలుపెట్టింది. గోడలు ఇంకా పూర్తిగా లేవలేదు, పైన ఖాళీ ఉంది. దీపాల వెలుగు అటూ ఇటూ పడుతోంది. దగ్గితే వినపడుతోంది.

పైవరస దాకా వచ్చాక అటు వైపు నుంచి షింగ్ టీచర్ గొంతు వినిపించింది. "మీ అబ్బాయి పేరు జిగాంగ్ కదూ?"

యూజెన్ చేతిలో ఇటుక అలాగే ఉంది. వాడి పేరు అదే. ఔనని చెప్పడానికి నోరు రాలేదు. కాదని చెప్పడానికీ రాలేదు. కొంతసేపు చూసి అటు వైపు మనిషి చివరి ఇటుక పెట్టేసింది. వెలుగు ఆగిపోయింది. యూజెన్ మట్టి పిసికి, తన వైపు చివరి ఇటుక కూడా పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కి, నిచ్చెన ఎక్కి పైకి వచ్చింది.

ఆ నెలాఖరుకి రెండు కుటుంబాలూ అల్లం నాటారు. గట్టుకి అటు వాళ్ళు, ఇటు వీళ్ళు. పలకరింపులు అప్పుడూ లేవు, ఆ తర్వాతా లేవు.